కోడి మింగిన జార్జి తాత

మా అత్త చంద్రమ్మ "ఊ" అననిదే మా ఇంట్లో పొయ్యి మీద పెనం కూడా మారదు. కోపంతో చెబుతున్న మాట కాదిది, ఉన్నమాట. ఇస్త్రీపెట్టె కొనాలన్నా ఆమె ఊ అనాలి, గోడలకు రంగు వేయించాలన్నా ఆమె ఊ అనాలి. అట్లాంటి ఇంట్లో నా బిడ్డ సంతోషి ఒక తెల్లోణ్ణి పెళ్లి చేసుకుంటానని కూర్చుంది. పైగా "నాయ్నమ్మ ఊ అంటెనే చేసుకుంట. అనకుంటె నన్ను మర్సిపొమ్మని ఆయనకు చెప్పేస్త" అని షరతు కూడా అదే పెట్టుకుంది. నేను మెస్సులో గిన్నెలతో కొట్లాడుతున్న రోజుల్లో దాన్ని చంకనేసుకొని పెంచింది మా అత్తే మరి. అది అన్నంత పనీ చేస్తుంది. చేసి, ఆ తర్వాత దిండులో మొహం పెట్టుకొని ఏడుస్తుంది. అది ఏడుస్తుంటే నేను చూడలేను.

పిల్లగాడి పేరు హ్యూగో థార్న్‌బీ. ఎయిర్‌పోర్టులో విమానాలు బాగుచేసే షెడ్డు ఉంది, అందులో ఇంజినీరు. మొదట మా ఆయన నరేందర్ క్యాబ్ ఎక్కాడు. మా ఆయన సంగతి తెలిసిందే, ఎవరు ఎక్కినా "మంచి మెస్సు ఉంది సార్" అంటూ శంషాబాద్‌లో మా మెస్సు ముందే బండి ఆపుతాడు. హ్యూగో సర్వపిండి తిన్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకొని ఇంకోటి అడిగాడు. ఆ రోజు నుంచి మా ఆయన అతనికి అన్న, నేను అక్క. మేమిద్దరం అతణ్ణి "తమ్మీ" అనే పిలిచేవాళ్లం. వాళ్లింట్లో అందరికీ నాలుగైదు భాషలట, తెలుగు కూడా మా మెస్సులోనే పట్టేశాడు. సంతోషి ఎయిర్‌పోర్టు కార్గోలో చేస్తుంది, మధ్యాహ్నం డబ్బా కోసం వస్తుంది, హ్యూగో కూడా డబ్బా కట్టించుకోవడానికి అప్పుడే వస్తాడు. వాళ్లిద్దరి సంగతి నాకు తెలిసేసరికి మెస్సులో తినే డ్రైవర్లందరికీ తెలిసిపోయింది. అంత తెలివైన తల్లిని నేను!

మా వైపు సంబంధం కుదరాలంటే ముందు విచారణ చేయాలి. మనవాళ్లెవరో ఒకరు పిల్లగాడి ఊరికి పోతారు, చాయ్ హోటల్లో కూర్చుంటారు, ఎవరు, ఎట్లాంటోళ్లు అని నలుగురినీ కదిపి వస్తారు. సంతోషికి కందుకూరు నుంచి మంచి సంబంధం వస్తే, పిల్లగాడి తాత ఎప్పుడో పక్కింటోళ్ల బర్రెను కొట్టాడని తెలిసి మా అత్త వద్దనేసింది. ఆ తాత పోయాడు, ఆ బర్రె కూడా పోయింది, అయినా వద్దంది.

సంతోషి విషయం చెప్పగానే ఆమె వక్క కొరుకుతూ మొదటి ప్రశ్న అదే వేసింది.

"ఏ ఊరంటనే?"

"బీరూట్, నాయ్నమ్మా."

"లండన్ గాదా? తెల్లోడు గదా?"

"పాస్‌పోర్టు బ్రిటన్‌దే. గని వాళ్లింట్ల ఎవ్వలు ఆడ ఉండలే. వాళ్ల తాత అలెగ్జాండ్రియాల పుట్టిండట. ఆ తాత నాయిన ఇజ్మీర్ల. అంతకుముందు అలెప్పోల పట్టు యాపారం."

"అవ్వో! కిరాయి ఇండ్లు మార్చినట్టు దేశాలు మార్చిండ్రేందే! ఓనర్లు ఎల్లగొట్టిండ్రా?"

నేను మధ్యలో కలగజేసుకొని, మనవాళ్లు దుబాయి పోతారు కదా, అట్లాగే వాళ్లు ఇంగ్లండు నుంచి అరబ్బుల దిక్కు పోయారని, కాకపోతే మనవాళ్లు తిరిగొస్తారు, వాళ్లు రెండొందల ఏళ్లుగా అక్కడే తిరుగుతున్నారని చెప్పాను. మా అత్త వక్క మింగేసి అసలు మాట అంది.

"ఊరు లేనోనికి పిల్లనెట్లిస్తమే స్వర్ణా? రేపు తిట్టిండనుకో, కొట్టిండనుకో, ఎవలింటి ముందు వోయి కూసుండాలె మనం? ఎవల్ని అడగాలె?"

 నిజంగానే ఎవరి ఇంటి ముందు కూర్చుంటాం? సంతోషి కళ్లు నేలకేసి చూస్తున్నాయి. మా ఆయన గోడకున్న క్యాలెండర్‌ను చదువుతున్నాడు.

అది చూసి మా అత్తకే మనసు కరిగిందో ఏమో, "ఆయితారం రమ్మను. ఏడు తరాలు చెప్పమను. మంచిగుంటె చూద్దాం" అంది. లేవబోతూ ఆగి కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఇగ నువ్వు ఆ పిల్లగాన్ని తమ్మీ అనకు. నీకు తమ్ముడైతె పిల్లకు చిన్నాయన అయితడు. నోరు కడుక్కో."

"మరి స్వర్ణ కూడ తమ్మీ అంటది గదనే?" అన్నాడు మా ఆయన.

"అది అంటె నడుస్తది. తల్లి తమ్ముడంటె మేనమామ. మేనమామ చేసుకోవచ్చు. నీ తమ్ముడైతెనే లొల్లి."

ఒకే మనిషి ఒకే ఇంట్లో ఒక వరసన పెళ్లికి పనికొస్తాడు, ఇంకో వరసన పనికిరాడు. తమ్మీ బంద్ అయింది కాబట్టి మా ఆయన అతణ్ణి "బామ్మర్దీ" అనాలని, అతను మా ఆయనను "బావా" అనాలని తీర్మానమైంది. మా ఆయన నాలుకకు "తమ్మీ" ఎంత అలవాటంటే, ఆ వారమంతా హ్యూగో కనపడితే "ఇగో... ఓ... గీయినా..." అంటూ తిప్పలు పడ్డాడు.

ఆదివారం హ్యూగో ఇస్త్రీ చొక్కా వేసుకొని, మల్లెపూలూ మైసూర్‌పాకూ పట్టుకొని వచ్చాడు. తరాలు చెప్పమంటే భయపడతాడనుకున్నాను. భయమా నా తలకాయా! మొహం వెలిగిపోతోంది. వాళ్లింట్లో పండగంటే అదేనట, అందరూ కూర్చొని ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పుకోవడం. తనకు తెలియనివి తన మేనత్త చెబుతుందని సంతోషి ఫోన్‌లో బీరూట్‌కు వీడియో కాల్ కలిపాడు. ఎనభై దాటిన ముసలామె, పేరు ఇజబెల్, పెళ్లి చేసుకోలేదు. మెడలో ముత్యాలు, చేతిలో కాఫీ కప్పు. ఆమె ఇంగ్లీషుకు సంతోషి తెలుగు చెప్పాలి.

"ఆ ఫోన్‌ను కుర్సీ మీద వెట్టవే, మంచిగ కనవడ్తది" అంది మా అత్త.

ఫోన్‌లో ముసలామె ఉలిక్కిపడింది. తమ దగ్గర అరబ్బీలో కూడా కుర్సీనే అంటారట. ఇగ ఇద్దరూ మొదలుపెట్టారు. ఈమె సాబూన్ అంటే ఆమె సాబూన్ అంది, ఈమె దునియా అంటే ఆమె దునియా అంది. పిల్ల పెళ్లి సంగతి పక్కకు పోయి సబ్బు గురించి కాసేపు నడిచింది. చివరికి నేనే గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

మా అత్తకు చదువు రాదు. తరాలు లెక్కపెట్టాలంటే గింజలు కావాలి. వాకిట్లో చాప పరిచి, మగవాళ్లకు పల్లీలు, ఆడవాళ్లకు మక్కజొన్న గింజలు పెడుతుంది. మా చుట్టాల్లో ఏ సంబంధం వచ్చినా ఈ చాప మీదే తేలుతుంది. ఆమె కోళ్లు కూడా ఆ వాకిట్లోనే తిరుగుతుంటాయి, వాటిని "ఉష్" అన్నా ఆమె ఊరుకోదు.

"ఇగో, ఇది నువ్వు" అని చాప అంచున ఒక పల్లీ పెట్టింది. పక్కన కాస్త ఎడంగా ఒక మక్కగింజ పెట్టి, "ఇది మా పిల్ల. ఇంక కలపలే, దూరంగనే ఉండని" అంది. "నాయిన?"

నాయిన చార్లెస్, ఒక పల్లీ. తాత ఆల్ఫ్రెడ్, ఇంకో పల్లీ. తాత దగ్గరికి వచ్చేసరికి హ్యూగో కొంచెం నీళ్లు నమిలాడు.

"అవ్వా, ఒక సంగతి. మా తాత పెండ్లి చేసుకున్నది... సొంత మేనమామ బిడ్డను. షెడ్డుల నా దోస్తులు ఇంటే నవ్వుతరు. నాకు జర సిగ్గు."

మా అత్త చేతిలో మక్కగింజ అట్లాగే ఆగిపోయింది. "మేనరికమా?" అని, ఫోన్‌లో ముసలామె వైపు చూసి, "మీ అమ్మ మీ నాయినకు మేనమరదలా?" అంది. సంతోషి తర్జుమా చేసింది. ఆమె అవునంది.

"ఓరి పిచ్చోడా! గిండ్ల సిగ్గేందిరా? గింత మంచి ముచ్చట ఇన్నొద్దులు దాస్తివేందిరా!" మా అత్త రెండు గింజలనూ పక్కపక్కనే చేర్చి, వాటి మీద ఇంత కుంకుమ కూడా చల్లింది. "సూడు నరేందర్, ఎంత మంచి ఖాందాన్! బయటికి పోలే. ఇంట్ల పిల్లనే చేసుకున్నరు." నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. సంతోషి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఆయన ఉత్సాహంగా "అట్ల చెప్పు త..." అని మధ్యలో నాలుక కరుచుకొని, "బామ్మర్దీ" అని ముగించాడు.

"ఆల్ఫ్రెడ్ నాయిన?"

"హెన్రీ. ఇజ్మీర్ల అంజీర యాపారం."

"హెన్రీ పెండ్లాం?"

"క్లారా. మన జార్జి తాత బిడ్డ."

"జార్జి ఎవలు?"

"హెన్రీ నాయిన విలియం. విలియంకు సొంత తమ్ముడు జార్జి." హ్యూగో హుషారుగా విలియంకు ఒక పల్లీ, జార్జికి ఒక పల్లీ తనే పెట్టి, వాళ్ల కింద పిల్లలిద్దరినీ కలిపేశాడు. "సేమ్ అవ్వా! గది ఎట్లనో గిది గట్లనే. ఇంట్ల పిల్లనే."

 మా అత్త మొహం చూసి నేను కళ్లు మూసుకున్నాను.

"అన్నదమ్ముల పిల్లలకు... లగ్గం జేసిండ్రా?"

"అవునవ్వా."

"చెల్లె గదరా ఆమె! చిన్నాయిన బిడ్డ చెల్లె గాదా!" మా అత్త నెత్తి కొట్టుకుంది. "గది మేనరికం, గిది పాపం. గదీ గిదీ ఒక్కటంటవేందిరా!"

హ్యూగో బిక్కచచ్చిపోయి నా వైపు చూశాడు. అతనికి నిజంగానే తేడా తెలియదు. మేనమామ బిడ్డ బంగారం ఎట్లా అయిందో, చిన్నాయన బిడ్డ పాపం ఎట్లా అయిందో ఆ పిల్లగాడికి ఎవరు చెప్పాలి? పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్ని చెప్పమంటే నాకు మాత్రం వస్తుందా? ఫోన్‌లో ఇజబెలమ్మ ఏమైందని అడిగింది. సంతోషి ఇంగ్లీషులో చెప్పింది. ఆమె కాఫీ కప్పు ఠంగుమని కింద పెట్టి గడగడా మాట్లాడింది.

"ఆ ఊర్ల వీళ్ల చర్చికి పోయేటివి నాలుగు ఇండ్లేనట నాయ్నమ్మా" అంది సంతోషి. "అండ్ల మూడిండ్లతోని కొట్లాటనట. ఇంకెవల్ని చేసుకోవాలె అంటుంది."

"పెండ్లి చేసుకోకుండ ఉండాలె! ఆమె ఉండలేదా?" అని మా అత్త కొంగు దులుపుకొని లేచింది. "ఇగ అయిపోయింది. లగ్గం లేదు, గిగ్గం లేదు. మైసూర్‌పాక్ వాపస్ ఇయ్యుండ్రి."

 సంతోషి హ్యూగో వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. అది ఏం చెప్పబోతోందో నాకు తెలుసు, నన్ను మర్చిపొమ్మనే. నాకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడో ఇజ్మీర్‌లో అంజీర పళ్లు అమ్ముకున్నవాడు ఎవరినో చేసుకుంటే శంషాబాద్‌లో నా బిడ్డ ఏడవాలా? "అత్తా!" అని అరవబోయాను. నా కంటే ముందు ఫోన్‌లో ముసలామె అరిచింది.

"ఏమంటుందే?" అని అడిగింది మా అత్త, గడపలో ఆగి.

"మా తరాలన్నీ అడిగినవు, బాగానే ఉంది. మరి మీవి చెప్పవా, మీ ఊరు చూపియ్యవా అంటుంది. వాళ్లు కూడ విచారణ చేస్తరట."

మా అత్తను జన్మలో ఎవరూ అట్లా అడగలేదు. రోషం పొడుచుకొచ్చింది. వెనక్కి వచ్చి చాప మీద దబ్బున కూర్చుంది. "చెప్త! నాకేం భయం? నా మొగడు బుచ్చయ్య. ఆయన నాయిన కుర్మయ్య. కుర్మయ్య నాయిన పెద్ద పాండు..." పల్లీలు టపటపా పడుతున్నాయి. అన్నీ మేనరికాలే, ఒక్క వంకర లేదు. "ఊరు ఎర్రగుంటపల్లె. ఏ దేశాలు తిరగలే మేము. ఏడు తరాలు అదే ఊరు, అదే మట్టి!"

"చూపియ్యమంటుంది నాయ్నమ్మా. ఊరు" అంది సంతోషి మెల్లగా.

 సరిగ్గా అప్పుడే మా డాబా మీదుగా ఒక విమానం చక్రాలు దింపుకొని కిందికి దిగుతోంది. ఆ మోతలో ఎవరి మాటా వినపడదు కాబట్టి ఎప్పటిలాగే అందరం ఆగాం. అది దాటిపోయాక మా అత్త వేలెత్తి అటు చూపించింది.

"గదే. అది దిగుతున్న జాగనే మా ఊరు."

ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు ఊరు మొత్తం లేచి తలా ఒక దిక్కు పోయాం. ఇప్పుడు ఎర్రగుంటపల్లె అని అడిగితే ఆటోవాళ్లకు కూడా తెలియదు. ఊరు లేనోనికి పిల్లనెట్లిస్తమని అన్న మనిషి, తన ఊరు ఏదని అడిగితే విమానాన్ని చూపించింది. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు, జాలేసింది.

 సంతోషి చెప్పింది విని ఇజబెలమ్మ నెమ్మదిగా తన సంగతి చెప్పింది. ఇజ్మీర్‌లో అంజీర చెట్ల మధ్య వాళ్ల నాయనమ్మ ఇల్లుండేదట. వెతుక్కుంటూ పోతే అక్కడ బస్టాండు ఉందట. నాయనమ్మ మంచం ఉండే చోట ఒకాయన మక్కజొన్న కంకులు ఉడకబెట్టి అమ్ముతున్నాడట.

"పండుకునే జాగల మక్కబుట్టలా?" అంది మా అత్త.

"కొనుక్కొని తిన్నదట నాయ్నమ్మా. ఉప్పు ఎక్కువైందట."

మా అత్త ముందు ముక్కు చీదింది, తర్వాత నవ్వింది. ఫోన్‌లో ఆమె కూడా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లే.

హ్యూగో చేతులు నలుపుకుంటూ అడిగాడు. "అవ్వా, మీ ఊర్ల పెద్ద నల్లబండ ఉంటుండెనా? నడిమిట్ల పలిగి ఉంటది?"

మా అత్త గిర్రున తిరిగింది. "పిడుగు వడ్డ పగులా? మైసమ్మ బండ! నీకెట్ల తెలుసురా?"

"మా షెడ్డు ఎనకనే ఉన్నది. కంచె లోపట. రోజూ స్వర్ణక్క డబ్బా నేను ఆ బండ మీద కూసునే తింట."

"ఉన్నదా!" మా అత్త కొడుకు మోకాలు పట్టుకొని ఊపేసింది. "బండ ఉన్నదట నరేందర్! పేల్చేసిండ్రు అనుకుంటిమి గదరా!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కొత్తకోడలిగా మొదటి బోనం ఎత్తింది ఆ బండ కాడే. కంచె కట్టాక మాలో ఒక్కరం కూడా అటు పోలేదు, పాసు లేనిదే పోనివ్వరు. ఇన్నేళ్లూ ఆ బండ అక్కడే ఉంది, నేను కట్టిచ్చిన డబ్బా రోజూ దాని మీదకే పోతోంది!

అంతలో మా అత్త కళ్లు చిన్నవయ్యాయి. "అవునుగని, కూసుంటా అంటివి. చెప్పులు ఇడిసేనా?"

"బూట్లు, అవ్వా. ఇడువొద్దు. సేఫ్టీ రూల్."

"నీ సేఫ్టీ సల్లగుండ! మైసమ్మ నెత్తి మీద బూట్లతోని కూసోని బువ్వ తింటివారా! రేపు లెంపలు ఏసుకొని, ఇంత పసుపు వెట్టి రా."

"పొడి తీస్కపోతే గేటు కాడ ఆపుతరు నాయ్నమ్మా" అంది సంతోషి.

"పులిహోర పెట్టి పంపుత" అన్నాను నేను. "అండ్ల పసుపు ఉంటది గద. నాలుగు మెతుకులు బండకు పెట్టి, మిగిలింది తినొచ్చు." నా జన్మలో మొదటిసారి మా అత్త నన్ను మెచ్చుకోలుగా చూసింది.

ఆమె చాప మీద పల్లీలను చేత్తో నిమురుతూ తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఊరు లేదంటి గద ఈనికి. ఈడు మా ఊర్లనే ఉన్నడు. ఇప్పుడు మా ఊర్ల ఉన్నోడు ఈడొక్కడే."

 అయిపోయింది, ఇక ఊ అనేస్తుంది. అప్పుడు, ఆ క్షణంలో, నేను తాళి కట్టించుకున్న మహానుభావుడు నోరు తెరిచాడు.

"మరి అమ్మా, ఆ జార్జి సంగతేంది? అన్నదమ్ముల పిల్లల లగ్గం?"

ఆ రోజు చేతిలో గరిటె లేకపోవడం ఆయన అదృష్టం. అందరం చాప వైపు చూశాం. విలియం ఉన్నాడు, హెన్రీ ఉన్నాడు, క్లారా ఉంది. జార్జి ఉండాల్సిన చోట మా అత్త నల్లకోడి నిలబడి, మెడ సాగదీసి గుటక వేస్తోంది. మరోసారి ముక్కుతో పొడిచి క్లారాను కూడా ఎత్తుకొని గోడ కిందికి పరుగెత్తింది. హ్యూగో "జార్జి తాత!" అని నెత్తి పట్టుకున్నాడు.

మా అత్త కోడిని చూసింది, చాపను చూసింది, సంతోషిని చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది.

"ఏ జార్జి? ఈడ ఏ జార్జి లేడు" అంది.

"ఇప్పుడే ఉండె గదనే, కోడి..." అంటున్న మా ఆయన కాలు నేను తొక్కాను. ఆయన "అబ్బా" అని లేచి, మాట మార్చడానికి హ్యూగో భుజం మీద చెయ్యేసి, "సరే రా తమ్మీ, చాయ్ తాగుదాం" అన్నాడు.

మా అత్త చేతికందిన మైసూర్‌పాక్ ముక్క తీసి ఆయన మీదకు విసిరింది.

"మల్ల తమ్మి అంటవేందిరా? అల్లుడు! అల్లుడా అను!"

సంతోషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోన్‌లో ఇజబెలమ్మ ఏమంది, ఏమంది అని అడుగుతూనే ఉంది. మా అత్త ఊ అని అనలేదు. చాప అంచున దూరంగా ఉన్న మక్కగింజను తీసి హ్యూగో పల్లీ పక్కన పెట్టింది. నల్లకోడి మళ్లీ అటే వస్తుంటే గోడవారన ఉన్న గంప లాక్కొని, ఆ రెండు గింజల మీద బోర్లించి, దాని మీద చెయ్యేసుకొని కూర్చుంది.